కూర్చునే ఎత్తు

“కదలకు. అలాగే నిలబడు. తల ఎత్తకు, దించకు. రోజూ స్టవ్ దగ్గర ఎలా నిలబడతావో అచ్చం అలాగే,” అన్నాడాయన, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీస్తూ.

రోజూ స్టవ్ దగ్గర తను ఎలా నిలబడుతుందో ఆమెకేం తెలుసు? పాలు కాగుతున్న వేళ అది. ఒక కన్ను గిన్నె మీద ఉంచి, ఫొటో తీయించుకునేదానిలా బిగుసుకుపోయి నిలబడింది. ఆయన ఆమె కంటి పక్కన స్కేలు ఆనించి, అక్కణ్ణుంచి గోడ మీదికి కొలత సాగదీసి, స్టవ్‌కి ఎడమపక్కన, కూరగాయలు తరుక్కునే చోటికి పైన, తెల్లటి టైల్ మీద ఇంటూ గుర్తు పెట్టాడు. పెన్సిల్ టైల్ మీద పారలేదు. కూతురి బల్ల మీంచి స్కెచ్ పెన్ను తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకుని, “కరెక్టుగా నీ కంటి ఎత్తు. మెడ నొప్పి రాదు,” అన్నాడు.

చెప్పుకుంటే సిగ్గు గానీ, ఆమెకు సంతోషం వేసింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన ఆమె కొలత ఒకటి తెలుసుకోవాలనుకోవడం అదే మొదలు. చెప్పుల సైజు అడిగితే ఇప్పటికీ తడుముకుంటాడు. అలాంటి మనిషి ఆఫీసుకి టైమవుతున్నా ఆగి, కంటి ఎత్తు చూశాడు, మెడ నొప్పి గురించి కూడా ఆలోచించాడు. ఆ ముచ్చటలో ఉండగానే పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. “నీ పాలు పొంగాయి, చూసుకో,” అని ఆయన షూ వేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఆమె ఆస్తి అంతా ఇంతా కాదు. నీ గ్యాస్ అయిపోయింది, నీ సింకు కారుతోంది, నీ మిక్సీ మోతకి చెవులు పోతున్నాయి, నీ పనమ్మాయి ఇవాళ కూడా రాలేదటగా. పిల్లకి మంచి మార్కులొస్తే నా కూతురు, జ్వరమొస్తే నీ కూతురు. ఇప్పుడీ ఆస్తిలోకి ఒక టీవీ కూడా వచ్చి చేరింది. నాలుగు రోజుల క్రితం హాల్లోకి గోడంత కొత్త టీవీ వచ్చింది. పాతదీ పల్చటిదే, నిక్షేపంలా పనిచేస్తోంది, ఊరికే పారెయ్యడం ఎందుకు? వంటింట్లో గోడకి బిగించేస్తే సరిపోతుంది. “నీ కోసమే,” అన్నాడాయన. “ఎనిమిదిన్నరకి నా మ్యాచ్‌కీ నీ సీరియల్‌కీ రోజూ గొడవ. ఇక ఆ బాధ లేదు. నీ సీరియలూ ఆగదు, నీ పనీ ఆగదు.” కూతురు ఫోన్లోంచి తలెత్తి, “పర్సనల్ టీవీ! లక్కీ అమ్మా నువ్వు,” అంది. అత్తగారు సోఫాలోంచి కదలకుండానే, “నా కొడుకు నిన్ను కూర్చోబెట్టి చూసుకుంటున్నాడమ్మాయ్. అందరికీ ఉండదు ఆ అదృష్టం,” అంది.

కూర్చోబెట్టి అన్నది వట్టి మాటవరసే. ఆ వంటింట్లో కుర్చీ లేదు. “వంటింట్లో కుర్చీ ఏంటి, అడ్డం,” అని ఇల్లు కట్టిన కొత్తలోనే తేల్చేశారు. ఉన్నది ఒకే ఒక్క స్టూలు, అదీ అటక మీది డబ్బాలు దించేటప్పుడు ఎక్కి నిలబడడానికి.

పోనీ బయట కూర్చుంటుందా అంటే, ఆమె ఉద్యోగం అలాంటిది కాదు. పద్నాలుగేళ్ళుగా టైల్స్ షోరూములో సేల్స్ చూస్తోంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా నిలబడాలి. షోరూములో కుర్చీలకేం కొదవ లేదు, మెత్తటివి ఆరున్నాయి. అవన్నీ కస్టమర్లకి. “స్టాఫ్ కూర్చుని కనపడితే షాపుకి కళ ఉండదమ్మా,” అంటాడు ఓనరు, తన తిరిగే కుర్చీలో ఒకసారి ఇటు తిరిగి. మధ్యాహ్నం స్టోర్ రూములో టైల్స్ పెట్టె మీద కూర్చుని తినే పావుగంటే ఆమె కూర్చోవడం. ఆ పద్నాలుగేళ్ళలో ఏ టైల్ ఎంత బరువు మోస్తుందో, ఏది జారుతుందో, ఏది రెండేళ్ళకే పసుపెక్కుతుందో, వేలి కణుపుతో కొట్టి చూస్తే ఏది డొల్లో ఏది గట్టో అన్నీ నేర్చుకుంది. అయినా భార్యాభర్తలు జంటగా వస్తే, రంగు అడగాల్సి వచ్చినప్పుడు ఆడమనిషి ఈమెని అడుగుతుంది, గట్టిదనం అడగాల్సి వచ్చినప్పుడు మగమనిషి ఈమె భుజం మీంచి లోపలికి చూసి, “సార్ ఎవరూ లేరా?” అంటాడు. అప్పుడు లోపల్నుంచి మొన్న చేరిన అకౌంటెంటు వస్తాడు. వచ్చి, మెల్లిగా ఈమె చెవిలో అడిగి, గట్టిగా ఆయనకి చెప్తాడు. ఆయన తలాడించి సంతృప్తిగా వెళ్ళిపోతాడు.

ఏడున్నరకి ఇల్లు చేరడం, బస్సులో సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కుని స్టవ్ ముందుకి. ఎనిమిదిన్నరకి పొయ్యి మీద ఏదో ఒకటి సన్న సెగ మీద పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, సోఫా చివర, అత్తగారి దిండు పక్కన మిగిలిన జానెడు చోటులో కూర్చుంటుంది. తొమ్మిదింటిదాకా సీరియల్. ఇప్పుడొక నిజం చెప్పాలి. ఆ సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకి సరిగ్గా తెలీదు. ఆ పెద్ద కళ్ళ అమ్మాయి కోడలో ఆడపడుచో కూడా తేల్చుకోలేదు. “ఈ ఏడుపుగొట్టు సీరియల్ ఏం చూస్తావోయ్,” అని ఆయన విసుక్కున్నప్పుడు, “కథ మంచి పట్టులో ఉందండీ,” అంటుంది. కథా లేదు, పట్టూ లేదు. కూర్చోవడానికి అదొక వంక. ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి తెమ్మంటారు. సీరియల్ చూస్తుంటే, “అయ్యాక తెద్దువుగానిలే,” అంటారు. ఆ అరగంట కోసం ఆమె రోజంతా నడుము బిగించుకుని ఉంటుంది. అంతకు మించి ఆ ఇంట్లో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆయన గుర్తు పెట్టి వెళ్ళిన ఆ రోజు బుధవారం, షోరూముకి సెలవు. పదకొండింటికి టీవీ బిగించే మనిషి వచ్చాడు. నలభై దాటిన మనిషి, భుజాన సంచీ, చేతిలో డ్రిల్లింగ్ మిషన్ పెట్టె. గుమ్మంలోనే, “సార్ లేరా?” అన్నాడు.

“ఆఫీసుకెళ్ళారు. నేనున్నాను.”

“ఎక్కడ పెట్టాలో సార్ మీకు చెప్పారా?”

“గుర్తు పెట్టి వెళ్ళారు.”

“హమ్మయ్య, అయితే పర్లేదు,” అని లోపలికొచ్చాడు. షోరూములో అయినా ఇంట్లో అయినా ఈ సార్ అనే ఆయన లేకుండా గోడలు ఎలా నిలబడి ఉన్నాయో అని ఆమెకు నవ్వొచ్చింది.

అతను గుర్తు చూశాడు, టీవీ వెనక బిగించే ఇనప చట్రం గోడకి ఆనించి నాలుగు చుక్కలు పెట్టుకున్నాడు, మిషన్ వైరు మిక్సీ ప్లగ్గులో దూర్చాడు. స్టవ్ గట్టు తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

“హ్యామర్ తీసెయ్యండి,” అంది.

“మేడమ్?”

“మిషన్ హ్యామర్ మీద ఉంది. మొదటి దెబ్బకే టైల్ పగులుతుంది. చుక్క మీద టేపు అంటించి, ముందు మామూలుగా నెమ్మదిగా తిప్పండి, బిట్టు జారదు. టైల్ దాటి గోడ తగిలాక అప్పుడు వేసుకోండి హ్యామర్.”

అతను ఆమెని చూశాడు, మిషన్ని చూశాడు. నాలుక్కరుచుకుని మిషన్ మీది మీట ఇటు తిప్పాడు. “మీకెలా తెలుసు మేడమ్?” అన్నాడు.

“రోజుకి పదిమందికి చెప్తాను,” అని ఆమె దగ్గరికొచ్చి, వేలి కణుపుతో నాలుగు చుక్కల మీదా వరసగా కొట్టింది. మూడు చోట్ల టక్కుమంది. కింద ఎడమ చుక్క మీద మాత్రం డబ్బా మీద కొట్టినట్టు మోగింది. “ఇది డొల్ల. మేస్త్రీ సిమెంటు ముద్ద మధ్యలో వేసి నొక్కేశాడు, మూలల్లో ఖాళీ ఉండిపోయింది. ఇక్కడ బెజ్జం వేస్తే టైల్ ఊడొస్తుంది. చట్రం నాలుగంగుళాలు కుడికి జరపండి, అన్నీ గట్టిచోటే పడతాయి.”

అతను కూడా కొట్టి చూశాడు. రెండుసార్లు కొట్టాడు. ఆ తర్వాత అతని గొంతులో తేడా వచ్చింది. కొలత టేపు తీసి నేల నుంచి గోడ మీదికి సాగదీస్తూ, పనిమంతుడు పనిమంతుడితో మాట్లాడినట్టు అడిగాడు. “సరే మేడమ్, ఎత్తు మాటేంటి? టీవీ కూర్చుని చూస్తారా, నిలబడి చూస్తారా?”

ఆమె ఇంటూ గుర్తు వైపు చూసింది. అర్థం కాలేదనుకున్నాడు అతను. “అంటే మేడమ్, చూసేవాళ్ళ కంటికి టీవీ నడిమి భాగం ఎదురుగా రావాలి. సార్ పెట్టిన గుర్తు నిలబడే ఎత్తు. అందుకే అడుగుతున్నా. ఇళ్ళల్లో నేనింత ఎత్తున ఎప్పుడూ పెట్టలేదు. టీకొట్లో పెట్టాను, బస్టాండులో టిక్కెట్ల కిటికీ పక్కన పెట్టాను, మందుల షాపులో పెట్టాను. అక్కడంటే జనం నిలబడే ఉంటారు గదా. రేపు మళ్ళీ దించమంటే కుదరదు. మామూలు గోడయితే బెజ్జం పూడ్చి రంగేస్తాం, టైల్‌కి ఆ సౌకర్యం లేదు. ఒక్కసారే.”

పొద్దున స్కేలు కంటి పక్కన ఆనినప్పుడు ఎంత మురిసిపోయింది! కూర్చుంటావా నిలబడతావా అని ఆయన అడగనైనా అడగలేదు. అడగడానికి అందులో ఆయనకి అనుమానం ఉంటేగా. గోడ ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో తెలిసినట్టే ఆమె నిలబడి ఉంటుందని ఆయనకి తెలుసు. మెడ నొప్పి రాకూడదని చూశాడు, కాళ్ళ సంగతి ఆయనకి తట్టలేదు. ఈ గోడకి ఈ ఎత్తున ఆ టీవీ ఒక్కసారి బిగిసిందంటే, ఎనిమిదిన్నరకి చెంగుతో చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళే పని ఇక ఉండదు. వెళ్తే, “నీకు అక్కడ టీవీ ఉందిగా?” అంటారు. తిట్టరు, కొట్టరు, ప్రేమగానే అంటారు. దిండు పక్కన జానెడు చోటులోకి అత్తగారి కాళ్ళు చాపుకుంటాయి. నా అరగంట తీసేసుకున్నారు, తీసేసుకుని నాకే బహుమతిగా ఇస్తున్నారు, అనుకుంది. కోపం వచ్చింది. ఆయన మీద సగం, పొద్దున మురిసిపోయినందుకు తన మీద సగం.

అప్పుడే అత్తగారు కర్ర ఆనించుకుంటూ మంచినీళ్ళ కోసం వచ్చింది. “ఇంకా బిగించలేదా? ఏంటంత ఆలోచన?” అంటూ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎంతసేపు, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకే మోకాళ్ళు వణికాయి. “అబ్బా, నావల్ల కాదమ్మాయ్, ఆ గ్లాసేదో నువ్వే తెచ్చివ్వు,” అని మళ్ళీ హాల్లోకి నడిచింది. ఆరేళ్ళ క్రితం దాకా ఈ స్టవ్ ముందు ఆవిడే నిలబడేది. కోడలు ఉద్యోగానికి వెళ్తుంటే పగటి వంట ఆవిడదే. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, ఇక నిలబడకూడదు అని డాక్టరు చెప్పాక గానీ ఆ ఇంట్లో ఆవిడకి సోఫాలో చోటు ఖాయం కాలేదు. అంతకు ముందు ఆవిడని హాల్లో పది నిమిషాలు కూర్చుని ఉండగా చూసిన గుర్తు ఆమెకి లేదు. ఆమె తన పిక్కల వైపు చూసుకుంది. పోయినేడాది నుంచి అక్కడ నీలం నరాలు ఉబ్బుతున్నాయి. కూర్చోవాలంటే ఈ కాళ్ళు కూడా పాడైపోయి డాక్టరు చేత చెప్పించుకోవాలా అనుకుంటే ఆమెకి భయం వేసింది, నిజంగా భయం వేసింది.

“కూర్చుని,” అంది అతనితో, అత్తగారికి నీళ్ళిచ్చి వచ్చి.

“కూర్చునా?” అతను గోడ వైపు చూశాడు. “అయితే ఇక్కడ కుదరదు మేడమ్. అంత కిందికి దించితే గట్టు అడ్డం.”

“అటు పెట్టండి,” అని ఆమె ఎదుటి గోడ చూపించింది. అదీ టైల్సే. ఫ్రిజ్ పక్కన, ఉల్లిపాయల బుట్ట పైన, ఖాళీ గోడ. కొట్టి చూసింది. పైనుంచి కింది దాకా టక్కుమంది.

“అటు పెడితే స్టవ్‌కి వీపు పెట్టి కూర్చోవాలి మేడమ్. పని చేసుకుంటుంటే కనపడదు.”

“కనపడదు,” అంది ఆమె.

అతను జేబులోంచి ఫోను తీశాడు. “సార్‌ని ఒక మాట...”

“చూసేది నేను.”

ఫోను చేతిలోనే ఉంచుకుని అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. మంచివాడే. తర్వాత గొంతు తగ్గించి, “పోనీ ఒక పని చేస్తా మేడమ్. ఆ టైల్ డొల్లగా ఉంది, అందుకే ఇటు పెట్టాల్సొచ్చిందని సార్‌కి నేనే ఫోన్ చేసి చెప్పేస్తా. అబద్ధం కూడా కాదు గదా. మీకు గొడవుండదు,” అన్నాడు.

“సరే,” అనేసింది. ఆలోచించి అన్న మాట కాదు, నాలుకకి అలవాటైన మాట.

హాల్లోంచి కుర్చీ ఒకటి తెప్పించాడు అతను. స్టవ్‌కీ గోడకీ మధ్య వేయించి, “రోజూ ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి మేడమ్, కంటి ఎత్తు చూసుకుంటా,” అన్నాడు. ఆమె కూర్చుంది. అతను టేపు పట్టుకుని ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు. “అలా కాదు మేడమ్. మీరు లేవబోతున్నట్టు కూర్చున్నారు. వెనక్కి ఆనుకోండి. ఇలా అంచు మీద కూర్చుంటే ఎత్తు తప్పొస్తుంది.” ఆమె వెనక్కి జరిగింది. ఇంకా, అన్నాడు. ఇంకొంచెం జరిగింది. వీపు కుర్చీకి ఆనింది. కాళ్ళు వాటంతటవే కాస్త ముందుకి చాపుకున్నాయి. “ఆఁ, ఇదీ,” అని గోడ మీద గుర్తు పెట్టుకున్నాడు. మొదటి గుర్తుకీ దీనికీ మూరెడు తేడా వచ్చింది.

టేపు అంటించాడు, హ్యామర్ తీసేసి నెమ్మదిగా తిప్పాడు. తెల్లటి పొడి రాలుతుంటే ఆమె కింద కాగితం పట్టుకుంది. ఒక్క టైల్ కూడా చిట్లలేదు. చట్రం మీద రసమట్టం పెట్టి, నీటి బుడగ రెండు గీతల మధ్యకి వచ్చేదాకా చూసి, మరలు బిగించాడు. టీవీ తగిలించి, వైరు ఫ్రిజ్ ప్లగ్గు పక్కన పెట్టి, వెళ్ళేటప్పుడు స్కెచ్ పెన్ను గుర్తు చూపించి, “అది స్పిరిట్‌తో పోతుంది మేడమ్,” అన్నాడు. మెట్లు దిగుతూనే ఫోను చేశాడు. “టైల్ డొల్ల సార్, ఆఁ సార్, వేరే దారి లేక సార్,” అన్న మాటలు ఆమెకి కిటికీలోంచి వినపడ్డాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “ఇదేంటమ్మాయ్, వెనక్కి తిరిగి కూర్చుంటే పాలు పొంగిపోవూ?”

“పొంగుతాయి అత్తయ్యా.”

ఆవిడ “వాణ్ణి రానీ,” అని వెళ్ళి పడుకుంది.

ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. టీవీ పెట్టలేదు. ఏదో గుచ్చుకుంటోంది లోపల. పని తను అనుకున్నట్టే అయింది, గొడవ కూడా లేకుండా అయింది. మరి ఎందుకు గుచ్చుకోవాలి? ఆలోచించగా ఆలోచించగా అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా తను ఇలాగే నెట్టుకొచ్చింది, సాకులతో. బుధవారం మధ్యాహ్నం ఒక గంట పడుకోవాలంటే తలనొప్పి. “మా ఆవిడకి బుధవారం తలనొప్పి,” అని ఆయన స్నేహితులతో జోకులేస్తాడు. చివరికి మంచి మాత్రలేవో కనుక్కుని తెచ్చాడు. “వేసుకో, పది నిమిషాల్లో ఎగిరిపోతుంది,” అన్నాడు. అప్పట్నుంచి గంట కాస్తా పది నిమిషాలైంది. చెల్లెలి ఇంట్లో రెండు రోజులుండాలనిపిస్తే చెల్లెలికి ఒంట్లో బాగాలేదంది. ఆయన తనకి తెలిసిన డాక్టరు నంబరు ఇచ్చాడు. షోరూములో కుర్చీ అడగలేక, పాదాలు వాస్తున్నాయంది. ఓనరు మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. చెడ్డవాళ్ళా అంటే కాదు. తను ఏ రోగం చెప్పిందో ఆ రోగానికి మందు తెచ్చారు. లేని తలనొప్పికి మాత్ర, లేని జబ్బుకి డాక్టరు. సీరియల్ పిచ్చి ఉందని చెప్పింది, అందుకు టీవీ తెచ్చి ఇచ్చారు. కూర్చోవాలని ఉంది అన్న ఒక్క ముక్క మాత్రం ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఒక్కరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? బద్ధకం అంటారు. అనకూడదా? ఆ ఒక్క మాటకి జడిసి ఇన్ని రోగాలు తెచ్చిపెట్టుకుందా తను? తలుచుకుంటే ఆమెకి తన మీద జాలి వేసింది, నవ్వూ వచ్చింది.

సాయంత్రం కూతురు కాలేజీ నుంచి వచ్చి, కుర్చీ చూసి, “ఇదేంటిక్కడ?” అని పక్కకి లాగబోయింది. “ఉండనీ,” అంది ఆమె. ఆ పిల్ల భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

ఆయన వచ్చేసరికి ఎనిమిదైంది. అత్తగారు గుమ్మంలోనే చెప్పాల్సింది చెప్పేసింది. అయినా ఆయన కోపంగా ఏం లేడు. మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని తాపీగా వంటింట్లోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర. స్టవ్ మీద కూర సన్న సెగ మీద ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. టీవీలో ఆ పెద్ద కళ్ళ అమ్మాయి ఎవరినో నిలదీస్తోంది.

“డొల్లటగా టైలు? వాడు ఫోన్ చేశాడులే,” అన్నాడాయన గోడ మీద స్కెచ్ పెన్ను గుర్తు తడిమి చూస్తూ. “పోన్లే, బాధపడకు. ఆదివారం మేస్త్రీని పిలిపిస్తా. ఆ టైలొక్కటీ పీకించి, సిమెంటు గట్టిగా కూరించి, మళ్ళీ ఇటే పెట్టించేద్దాం. నీకు నిలబడి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది. అటు నాలుగు బెజ్జాలు మిగుల్తాయి, మిగలనీ, ఏ క్యాలెండరో తగిలిస్తే సరి.”

అదీ ఆయన. ఇంకో మందు తెస్తున్నాడు. ఆదివారం ఎంతో దూరం లేదు, నాలుగు రోజులు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఈ నాలుగు రోజులూ హాయిగా గడిచిపోతాయి, ఐదోరోజు మళ్ళీ నిలబడాలి. ఆమె రిమోటుతో టీవీ గొంతు తగ్గించింది.

“టైలు డొల్లది కాదండీ. అంటే ఒక మూల డొల్లే, నాలుగంగుళాలు జరిపితే అక్కడే బిగిసేది. నేనే వద్దన్నాను.”

“నువ్వా? ఎందుకు?”

“కూర్చోవాలని ఉంది.”

ఆయన నవ్వాడు. “దానికేముందోయ్, కూర్చో. ఎవరొద్దన్నారు? పనయ్యాక కూర్చో.”

“పని అవదండీ. ఇరవై రెండేళ్ళు చూశాను. నా కాళ్ళు నొప్పి పుడుతున్నాయి, రోజూ పొద్దున్నుంచీ నిలబడే ఉంటున్నాను. తలనొప్పి కాదు, సీరియల్ పిచ్చీ కాదు. ఈ కథేంటో కూడా నాకు తెలీదు. రోజూ ఈ అరగంట నేను కూర్చుంటాను.”

ఆయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. కోపం తెచ్చుకోవాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నట్టున్నాడు. హాల్లోంచి అత్తగారు, “ఏమంటోందిరా?” అంది. వెనక స్టవ్ మీద కూర గిన్నె మూత చప్పుడు చేస్తోంది. ఆమె లేస్తుందేమోనని ఆయన చూశాడు. ఆమె వెనక్కి ఆనుకునే ఉంది.

“మరి వంట?” అన్నాడు చివరికి. “ఈ అరగంటలో అది మాడితే? ఎవరికైనా ఏదైనా కావాల్సొస్తే?”

“స్టవ్ గట్టు ఇంకా నిలబడే ఎత్తులోనే ఉందండీ,” అంది ఆమె, టీవీ మీంచి చూపు తిప్పకుండా. “మీ ఎత్తుకి కూడా సరిపోతుంది.”